చీటీలు చదివిన మనిషి

మా పుస్తకాల షాపులో ఒక మాట నిషేధం. బాగుంది. కొనడానికి వచ్చినవాళ్ళు అనొచ్చు, వాళ్ళ నోరు మనం మూయలేం. మేం మాత్రం అనకూడదు, రాయకూడదు. ఇది నాన్న పెట్టిన రూలు. బాగుంది అన్నవాడు చదవలేదని లెక్క, చదివినవాడు ఎక్కడ ఆగాడో చెప్తాడు అనేవాడు. అందుకని ప్రతి పుస్తకం కిందా అలమర అంచుకి ఒక చీటీ అంటించి ఉండేది. అందులో కథ చెప్పకూడదు, పొగడకూడదు. చదువుతూ చదువుతూ ఎక్కడ పుస్తకం పక్కన పెట్టాల్సి వచ్చిందో, పెట్టి ఏం చేశామో రాయాలి, అంతే. నన్ను ఇంట్లో చిట్టి అంటారు. నాన్న లోపల్నుంచి కేకేస్తే అడిగింది నన్నో చీటీనో తెలిసేది కాదు. రెండిట్లో ఆయనకి ఏది ఎక్కువ ముద్దో కూడా తెలిసేది కాదనుకోండి.

అలమరలు పంచుకున్నాం. చరిత్రలు, జీవిత కథలు, వంతెనలు ఎలా కట్టారు, ఉప్పు ఎలా అమ్మారు, ఇలా నిజంగా జరిగిన సంగతుల పుస్తకాలన్నీ నాన్నవి. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా అవే. బరువైన నవలలు నావి, కిటికీ పక్కన. మెట్ల కింద, వంగితే తప్ప కనపడని అరలో అక్క పుస్తకాలు. చచ్చిపోయినవాణ్ణి ప్రేమించే ఆడవాళ్ళు, పగలు మనిషిగానూ రాత్రి తోడేలుగానూ ఉండే మొగుళ్ళు, వందల ఏళ్ళుగా ముసలితనం రాని కుర్రాళ్ళు. నాన్న వాటిని దెయ్యాల కాపురాలు అనేవాడు. ఆయన్ని చూసి నేనూ అలాగే అనేదాన్ని. షాపు నడిచేది వాటి అమ్మకం మీదే అన్న సంగతి ముగ్గురికీ తెలుసు గానీ ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

ఆ వానాకాలం మొదట్లో అతను వచ్చాడు. పేపరు ఆఫీసులో ప్రకటనల విభాగం. షాపు ప్రకటన ఇప్పించుకుందామని వచ్చి, నాన్న దగ్గర పప్పులుడకవని తెలిశాక కూడా, వాన తగ్గలేదన్న వంకతో అలమరల మధ్య తిరిగాడు. బయట అంత బురదలోనూ మడత నలగని చొక్కా, ఒక్క వెంట్రుక చెదరని తల. నేను అక్క చెవిలో ముఖచిత్రం అన్నాను. ఆ రోజు నుంచీ మా ఇద్దరి మధ్యా అతని పేరు అదే. లోపలేముందో చూడకుండానే అట్ట మీద తీర్పు చెప్పేస్తావా అని అక్క నన్ను మందలించింది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

తర్వాత ప్రతి వారం రావడం మొదలైంది. వచ్చినప్పుడల్లా ఒక పుస్తకం కొనేవాడు. మళ్ళీ వారం వచ్చి దాని గురించి మాట్లాడేవాడు. మొదట పడిపోయింది నాన్నే. వంతెన పుస్తకం గురించి అడిగితే అతను కాసేపు నేల చూసి, మెల్లిగా చెప్పాడు. "వంతెన కూలిన సాయంత్రం ఆ ఇంజినీరు ఇంటికెళ్ళి కూతురికి లెక్కలు చెప్తాడు చూడండి, అక్కడ ఆగిపోయానండీ. ఇక ముందుకెళ్ళలేక లేచి మంచినీళ్ళు తాగొచ్చాను."

నాన్న కళ్ళజోడు తీసేశాడు. నేనూ అక్కడే ఆగాను అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడోగాని వినలేదు. బయటివాళ్ళకి ఇది ఒక మాటలా అనిపించకపోవచ్చు. మా ఇంట్లో ఒకే చోట ఆగడమంటే జాతకాలు కలిసినట్టు. పోయిన మా అమ్మనీ, నాన్ననీ కలిపింది ఒక పుస్తకంలో ఒకే పేజీ అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్ళం. ఇంకే ఇంట్లోనైనా పిల్లనడిగే మనిషి ఉద్యోగం చూస్తారు, అలవాట్లు ఆరా తీస్తారు. మేం ఎక్కడ ఆగాడో చూశాం.

అబద్ధమెందుకు, నా వంతు వచ్చినప్పుడు నేనూ ఉబ్బిపోయాను. నా నవలల్లో కూడా అతను సరిగ్గా నేను ఆగిన చోటే ఆగుతున్నాడు. ఇంత చదువరి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడని అనుకున్నాను. అతను మాత్రం మా ఇద్దరితో మర్యాదకి కాసేపు మాట్లాడి మెట్ల కిందికి వెళ్ళిపోయేవాడు. ప్యాంటు మాసిపోతుందని కూడా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో చీటీ దగ్గరగా చూసేవాడు. అక్క పక్కనే నిలబడి ఏదో చెప్తూ ఉండేది. చాలా మెల్లిగా మాట్లాడే మనిషి మా అక్క. పెళ్ళి మాటలు ఇంట్లో ఎవరూ ఎత్తని వయసుకి వచ్చేసింది. అలాంటిది ఆ నెలలో కూనిరాగాలు తీస్తూ గిన్నెలు తోమేది. అది వింటుంటే నాకు సంతోషంగానూ ఉండేది, ఎందుకో భయంగానూ ఉండేది.

ఒక పెద్ద వానకి షాపు కప్పు కారింది. కిటికీ పక్క అలమరా, మెట్ల కింద అరా రెండూ ఖాళీ చేసి, పుస్తకాలన్నీ బల్లల మీద ఆరబెట్టాం. ఊడిపోయిన చీటీలు మళ్ళీ అంటించే పని నాన్న తీసుకున్నాడు. నేనూ అక్కా నీళ్ళు తోడి పోస్తున్నాం. నాన్న కళ్ళజోడు ఆ గొడవలో ఎక్కడో ఉండిపోయింది. ఆ సంగతి ఆయన ఒప్పుకునే రకం కాదు.

ఆ వారంలోనే నాన్న అతన్ని భోజనానికి పిలిచాడు. పెళ్ళి మాట తేల్చడానికే అని నలుగురికీ తెలుసు. అక్క పొద్దున్నించీ వంటింట్లోనే ఉంది. తింటూ తింటూ అతను నా వైపు తిరిగి, మీ గుమాస్తాల నవల తీసుకెళ్ళానండీ అన్నాడు. ఆ నవలంటే నాకు ప్రాణం. ఒకే గదిలో కూర్చునే కొందరు గుమాస్తాలు, ఒక బీరువా తాళం పోవడం, దాని కోసం వెతకడం, అంతే. అందులో ఎవరూ చావరు. ఎవరూ ప్రేమించుకోరు కూడా. అలాంటి నవలని మెచ్చేవాడి కోసం నేను ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాను. ఎక్కడ ఆగారు అని అడిగాను.

"ఆ భర్త నీళ్ళలో పోయి ఏడాదయ్యాక తడిబట్టలతో గుమ్మంలో నిలబడతాడు కదండీ. ఆవిడ కేక కూడా వేయదు. తువ్వాలు అందిస్తుంది. అక్కడ మూసేశాను. లేచి వెళ్ళి మా వీధి తలుపు గడియ తీసి పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను."

నేను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని అతని మొహం చూశాను. అందులో బెదురు లేదు, సిగ్గు లేదు. నిజంగానే ఆ తలుపు తీసిన మనిషిలా ఉన్నాడు. నాన్న నవలలు చదవడు కాబట్టి తల ఊపాడు. అక్క వైపు చూశాను. ఆమె గిన్నె ఎత్తి పట్టుకుని, ఇంకాస్త వేసుకోండి అని అతనికి కూర వడ్డించింది.

చేతులు కడుక్కుని నేరుగా షాపుకి వెళ్ళాను. గుమాస్తాల నవల కింద అక్క చేతిరాతతో చీటీ ఉంది. తువ్వాలు, వీధి తలుపు, గడియ, అన్నీ అక్షరం పొల్లుపోకుండా. అక్క దెయ్యాల కాపురాల్లో ఒకదానికి రాసిన చీటీ నాన్న తెచ్చి నా నవలకి అంటించాడు. అంతకు ముందు అతను నాతో అన్నవి, నాన్నతో అన్నవి గుర్తు చేసుకుంటూ అలమరలన్నీ తిరిగాను. మంచినీళ్ళు తాగి రావడంతో సహా అన్నీ చీటీల్లో ఉన్నాయి. మా మాటలే మాకు అప్పజెప్పాడు. మేం ముగ్గురం చంకలు గుద్దుకున్నాం.

ఇంకో సంగతి కూడా ఆ షాపులో నిలబడే గుర్తొచ్చింది. ఒకసారి వీధి తలుపు రాత్రంతా గడియ లేకుండా ఉందని నేను ఇల్లంతా వినపడేలా రుసరుసలాడాను. అక్క అప్పుడు తల వంచుకుని వెళ్ళి గడియ పెట్టి వచ్చింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి అతను వెళ్ళిపోయాడు. నాన్న పడుకున్నాడు. అక్క గిన్నెలు తుడుస్తోంది. చీటీ ఆమె ముందు పెట్టి, ఇదేంటో తెలుసా అని అడిగాను.

"తెలుసు."

"ఇవాళే తెలిసిందా?"

"మొదటి వారమే తెలిసింది. ఏ పుస్తకంలోనూ చీటీ దాటి ఒక్క ముక్క చెప్పడు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసీ ఎలా నవ్వుతున్నావు, పుస్తకం తెరవనివాడు, మనల్ని వెర్రివాళ్ళని చేసినవాడు అని నోటికొచ్చినవన్నీ అన్నాను. అక్క గిన్నె తుడవడం ఆపలేదు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"ఈ చీటీ నువ్వు ఎప్పుడు చదివావు?"

ఇవాళ అన్నాను. 

"ఏళ్ళుగా రాస్తున్నాను. కొనేవాళ్ళు బొమ్మ చూసి కొంటారు. నాన్న మెట్ల వైపే రాడు. నువ్వు ముక్కు మూసుకుని పోతావు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అన్నీ చదివాడు చిట్టీ. పుస్తకాలు చదవకపోతే పోనీ. నేను రాసింది చదివాడు."

చదివింది దొంగిలించడానికి అన్నాను. అక్క గిన్నెలు పైన సర్దుకుంటూ, చదివాడు కదా అంది. ఇక నేను ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే అయింది. నాన్నకి చెప్తే ఆయన ఇంకా నయం. ఒక పుస్తకం చదివిన ఇద్దరు ఒకే చోట ఆగడంలో వింతేముందని నన్నే ఎదురడిగాడు. గుమాస్తాల సంగతి ఎత్తితే, నవలే కదా, ఏదో గుర్తు తప్పి ఉంటాడులే అన్నాడు. తన మాటల్ని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషిని వదులుకోవడం ఆయనకి ఇష్టం లేదు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకే గోతిలో పడ్డారని నాకు ఏడుపొచ్చింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు అయ్యాయి. ఆ రోజూ వానే. ముఖచిత్రం నాకు బావ అయ్యాడు. అక్క రెండు వీధుల అవతలికి కాపురానికి వెళ్ళింది.

పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆదివారం పేపర్లో కొత్త శీర్షిక మొదలైంది. ఏం చదవాలి అని పేరు. పైన బావ ఫోటో. వారానికి మూడు పుస్తకాలు. ఒకటి జరిగిన సంగతులది, ఒకటి బరువైన నవల, ఒకటి దెయ్యాల ప్రేమ. ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు, ఎక్కడ ఆగాడో, ఆగి ఏం చేశాడో. మొదటి ఆదివారం వంతెన పుస్తకం వచ్చింది. ఇంజినీరు, కూతురు, లెక్కలు, మంచినీళ్ళు. నాన్న పేపరు మడిచి బల్ల కింద పెట్టి, పిల్లవాడు మనల్ని తలుచుకున్నాడు అన్నాడు. తలుచుకున్నట్టు అందులో ఎక్కడా రాసి లేదని నేను అంటే విననట్టు లెక్కల పుస్తకం తెరిచాడు.

శీర్షిక ఊరంతా పాకింది. మందుల షాపు ఆవిడ మాకు పాత ఖాతాదారు. ఒక రోజు పేపరు ముక్క చేత్తో పట్టుకుని వచ్చింది. వీధి తలుపు గడియ గురించి రాసింది చూశారా, మగవాడై ఉండి అంత సున్నితం ఎక్కణ్ణుంచి వచ్చిందో, చదివి ఏడ్చేశాను అని చెప్పింది. ఆ పుస్తకం కావాలంది. మేం మళ్ళీ దాని చోట అంటించిన అక్క చీటీని మెట్ల కింద వంగి చదివి లేచేసరికి ఆమె మొహం మారిపోయింది. అన్ని అలమరల చీటీలూ చూస్తూ నాన్న బల్ల దాకా వచ్చింది. మేం ఆమెకి ఎప్పుడూ మంచివాళ్ళమే, అందుకే కాస్త బాధగానే అడిగింది.

"పేపర్లో ఆయన రాసినవి ఎత్తి రాసుకున్నారా? మీ అల్లుడే అనుకోండి, అయినా కింద ఆయన పేరు వేయాలి కదండీ."

నాన్న ఏదో చెప్పబోయాడు. నేను చూస్తూనే ఉన్నాను, పెదవులు కదిలాయి. ఏం చెప్తాడు? అల్లుణ్ణి దొంగ అనాలి, లేకపోతే తను దొంగ అనిపించుకోవాలి. అవునమ్మా, వేస్తాం అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక లేచి వెళ్ళి వంతెన పుస్తకం చీటీ ముందు నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళలేదు. నేను ముందే చెప్పాను కదా అన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మర్నాడు నేను షాపు తెరిచేసరికి నాన్న నా కన్నా ముందే వచ్చి పాత చీటీలన్నీ పీకేశాడు. కొత్తవి అంటిస్తున్నాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు. ఎదురు అలమరలో, కిటికీ పక్కన, మెట్ల కింద కూడా వంగి, అన్నిటి కిందా గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాసి పెట్టాడు. బాగుంది. బాగుంది. బాగుంది.  అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. జిగురు డబ్బా పట్టుకుని వెనకాలే నడిచాను.

చీటీలు అయిపోయాక బావకి కొత్త సరుకు కావాల్సి వచ్చింది. ఆ పని అక్క మీద పడింది. వారం వారం వచ్చి పుస్తకాలు పట్టుకెళ్ళేది. మొదట్లో మెట్ల కింద నుంచి కూడా తీసుకునేది. తర్వాత అవి మానేసింది. శీర్షికలో కూడా దెయ్యాల ప్రేమ కనపడకుండా పోయింది. ఎందుకు అని అడిగితే, పేపరు ఆఫీసులో ఎవరో వేళాకోళం చేశారట, అలాంటివి ఆయన పేరుకి బాగుండవట అంది. ఆ జాగాలో ఇంకో చరిత్ర పుస్తకం వేస్తున్నారు. నాన్న పుస్తకాలు, నా పుస్తకాలు, నేను ఏళ్ళ తరబడి బతిమాలినా ముట్టుకోనివన్నీ ఇప్పుడు అక్క కూర్చుని చదివి రాస్తోంది. ఎంత బాగా రాసేదంటే, ఆదివారం అవి చదివి నా నవలలు నాకే కొత్తగా కనపడేవి. ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా అది నిజం. ఫోటో మాత్రం బావదే.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం పేపరు తెరిచి, షాపులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఒక జీవిత చరిత్ర కింద బావ పేరుతో ఇలా ఉంది: ఈ పుస్తకంలో నేను ఎక్కడా ఆగలేదు, అసలు మొదలుపెడితే కదా ఆగడానికి. దీని గురించి మీరు చదువుతున్నదంతా మా ఆవిడ రాసిచ్చినదే.

నాన్నకి చదివి వినిపించాను. ఆయన కూడా చాన్నాళ్ళకి నవ్వాడు. దెబ్బకి దెబ్బ తీసింది మా అక్క, లోకం ముందు వాడి చొక్కా విప్పేసింది అనుకున్నాను. బావ ఉద్యోగం ఊడుతుందా, శీర్షిక ఆగిపోతుందా, అక్క ఇంటికి వచ్చేస్తుందా అని లెక్కలు వేసుకున్నాను. ఏమీ జరగలేదు. ఆ పై ఆదివారం పాఠకుల ఉత్తరాలు అచ్చయ్యాయి. ఎంత వినయం, ఎంత చమత్కారం, భార్యని అంత ఎత్తున నిలబెట్టిన మగవాణ్ణి ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం అని.

ఆ మర్నాడు అక్క వచ్చింది. సన్నగా వాన పడుతోంది. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాను. భలే రాశావక్కా, ఆ గాడిదలకి అర్థం కాకపోతే నువ్వేం చేస్తావు అన్నాను. ఇంకా గట్టిది ఒకటి తగిలించు, ఈసారి ఎలా తప్పించుకుంటాడో చూద్దాం అని కూడా అన్నాను. అక్క తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది. తను ఒక మాట అనుకుంటే నేను ఇంకోటి అనుకున్నానని ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది.

"అది పేపరు కోసం రాయలేదు చిట్టీ. కొన్ని వారాలుగా అలాంటిది ఒక్కోటి మధ్యలో పెడుతున్నాను. చదివి కొట్టేస్తాడేమో, ఇదేంటని నా మీద అరుస్తాడేమో అని చూశాను. ఇంతకు ముందువి ఆఫీసువాళ్ళే కొట్టేశారు. ఇది మిగిలిపోయింది."

బావ ఏమన్నాడని అడిగాను.

"ఎవరో ఫోన్ చేసి ఆ వాక్యం అద్భుతంగా ఉందన్నారట. ఏ వాక్యం అని నన్నడిగాడు."

చెప్తున్నప్పుడు అక్క గొంతులో ఏ తేడా లేదు.  పోనీలే, నేను చదువుతున్నాను కదా అక్కా, ప్రతి ఆదివారం ఒక్క అక్షరం వదలకుండా చదువుతున్నాను అన్నాను. ఓదార్చడానికే అన్నాను.

"ఇప్పుడా," అంది.

వచ్చే వారానికి ఒక చరిత్ర పుస్తకం, ఒక నవల కావాలంది. ఏవైనా పర్వాలేదంది. కట్టి ఇచ్చాను. సంచిలో పెట్టుకుని, వాన తగ్గేదాకా కూర్చోమన్నా ఆగకుండా వెళ్ళిపోయింది.